హార్మోనియం మాస్టారూ, మస్కట్ అమ్మాయీ

పాఠక మహాశయులకు ముందుగా సాష్టాంగ క్షమాపణలు. పోయినవారిని తలుచుకుంటూ నాలుగు మాటలు రాయడానికి కావలసిన అర్హత ఒక్కటీ నాకు లేదు. సంగీతం రాదు. నా వేళ్ళు హార్మోనియం మీద పడినప్పుడల్లా వీధి కుక్కలు లేచి వేరే వీధికి వెళ్ళిపోయేవి. మాస్టారు కానడ రాగం వాయిస్తుంటే మూడుసార్లు నిద్రపోయాను. అందులో ఒకసారి గురక కూడా పెట్టానట, అదీ శ్రుతిలో లేదట. ఈ నేరాలన్నిటినీ పెద్ద మనసుతో మన్నించండి. మిగతావి తర్వాత చూద్దాం.

మా పక్కింటి హార్మోనియం మాస్టారు పోయిన నెల ఒక మంగళవారం పొద్దున పోయారు. నేనప్పుడు భీమవరంలో, రొయ్యల మేత అమ్మే ఆఫీసులో ఉన్నాను. కబురు ఫోన్లో, నాటక కళాకారుల గ్రూపులో వచ్చింది. పైన గులాబీపువ్వుతో గుడ్ మార్నింగ్, కింద ఎవరో పంపిన రొయ్యల రేట్లు, మధ్యలో మాస్టారు. చాలామంది చేతులు జోడించారు. ఒకాయన తొందరలో బొటనవేలు పైకెత్తాడు.

బండి మీద ఇంటికొచ్చేసరికి అరుగు మీద పడుకోబెట్టారు. అందరూ ముఖం చూస్తున్నారు. నేను పాదాలు చూశాను. బొటనవేళ్ళు రెండూ కలిపి కట్టేశారు. జీవితమంతా ఒకటి పైకి లేస్తే ఒకటి కిందికి దిగిన పాదాలు అవి. మొదటిసారి రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయి.

ఎందుకంటే మాస్టారిది కాళ్ళతో తొక్కే హార్మోనియం. పద్యనాటకాల్లో స్టేజీ ముందు కూర్చుని, కింద పాదాలతో గాలి తొక్కుతూ పైన వేళ్ళతో వాయించాలి. షష్ఠి తీర్థాలకీ, అంటే తిరునాళ్ళకీ, శివరాత్రికీ ఊరూరా నాటకాలాడిన రోజుల్లో ఆయన ఇంట్లో అన్నం తిన్నది తక్కువని మామ్మగారు, అంటే మాస్టారి భార్య, ఇప్పటికీ దెప్పుతుంటారు. పద్యం నచ్చితే జనంలోంచి ఎవరో ‘వన్స్ మోర్’ అని కేకేస్తారు. రాజు వేషగాడు అప్పుడే చచ్చిపోయి ఉన్నా సరే, లేచి ఆ పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ చచ్చిపోవాలి. అది మా వైపు ఆచారం. మాస్టారికి ఇందులో ఒక పట్టుదల ఉండేది. రెండోసారి మొదటిసారిలా వాయించరు. అడిగినవాడికి ఎంగిలి పెట్టకూడదురా అనేవారు.

తర్వాత తీర్థాలకి డాన్సు ట్రూపులు వచ్చాయి. మిగిలిన నాలుగు నాటకాలకి కీబోర్డు కుర్రాళ్ళు వచ్చారు. మాస్టారి హార్మోనియం మీదికి మామ్మగారి ఊరగాయ జాడీలు వచ్చాయి. సరిగ్గా ఆ సమయంలో ఇంజినీరింగు పాసై, డిజిటల్ మార్కెటింగులో ఆరు వారాల సర్టిఫికెట్టు పట్టుకుని, కళామతల్లిని ఉద్ధరించడానికి నేను వచ్చాను.

“స్టేజీ ఇప్పుడు ఫోన్లోకి మారిపోయిందండి, మాస్టారూ.”

“మరి జనం ఎక్కడ కూచుంటార్రా?”

జాడీలు దించి, గోడకి దుప్పటి కట్టి, ఛానల్ పెట్టాం. ముప్పై సెకన్ల ముక్కలు చాలన్నాను. ముప్పై సెకన్లలో నా కాళ్ళకి చెప్పులు కూడా ఊడవన్నారు. చివరికి నాలుగు నిమిషాలకి బేరం తెగింది. మొదటి వీడియో పంతొమ్మిది మంది చూశారు. అందులో ఏడుగురు నేనే. సాయంత్రం గోడ మీంచి మాస్టారు అడిగింది మాత్రం ఎంతమంది చూశారని కాదు. ఎవరైనా వన్స్ మోర్ అడిగారా అని. ఇక్కడ అడగక్కర్లేదండీ, బొమ్మ మీద నొక్కితే మళ్ళీ వస్తుందని వివరించాను.

“మళ్ళీ అదే వస్తుందా?”

“అదేనండి.”

“పాపం,” అన్నారు.

మా కోర్సులో ఒక సూత్రం చెప్పారు. వీడియో పెట్టిన అరగంటలో ఒక కామెంటు పడాలి. ఒకరు నోరు విప్పితేనే పదిమందికి ధైర్యం వస్తుంది. మూడో వీడియోకి పడింది. ‘గోదారి పిల్ల, మస్కట్’ అనే పేరు, మల్లెదండ బొమ్మ. ‘వన్స్ మోర్ మాస్టారూ. ఇక్కడ పనింట్లో బట్టలు ఇస్త్రీ చేస్తూ వింటున్నాను.’

మాస్టారు కళ్ళజోడు తుడుచుకుని రెండుసార్లు చదివారు. మర్నాడు అదే పద్యాన్ని ఇంకోలా, కొత్తగా వాయించారు. వాయించే ముందు చొక్కా ఇస్త్రీ చేయించారు. ఇస్త్రీ చేసే పిల్ల చూస్తుంది, నలిగిన చొక్కా వేసుకుంటే బాగోదట. అక్షరాలు సరిగ్గా కూడబలుక్కోలేని మామ్మగారు కూడా మల్లెదండ కనబడితే చాలు, మీ అమ్మాయి వచ్చిందండీ అని కేకేసేవారు.

సూత్రం అబద్ధం కాలేదు. తర్వాత నిజంగానే జనం వచ్చారు. కాకినాడ నుంచి ఒకాయన తన కూతురికి ఫోన్లో పాఠం చెప్పమన్నారు, చెప్పారు. యానాం నుంచి ఒక నాటక సమాజం రమ్మని పిలిచింది, వెళ్ళొచ్చారు. కానీ ఎంతమంది ఏం రాసినా ఆయన కళ్ళు మల్లెదండ కోసమే వెతికేవి. మొదట అడిగిన మనిషి కదా.

వానాకాలంలో పాదాలు వాచాయి. నాలుగడుగులు వేస్తే ఆయాసం. భీమవరంలో డాక్టరుగారు చూసి గుండె బలహీనపడిందని, హార్మోనియం తొక్కడం మానాలని చెప్పారు. అడిగినవాళ్ళుండగా ఎలా మానతానండీ అని మాస్టారు ఆయనతోనే వాదం పెట్టుకున్నారు. చిత్రమేమిటంటే, ఆ వారం నుంచే మస్కట్ అమ్మాయి అడగడం మానేసింది. కొందరికి సమయజ్ఞానం ఎక్కువ.

మొదటి వారం పని ఎక్కువై ఉంటుందనుకున్నారు. రెండో వారం, ఆ ఇంటివాళ్ళు ఫోను లాక్కున్నారేమో, ఎవరినైనా కనుక్కోరా అన్నారు. ఫోన్లో జనం వస్తుంటారు, పోతుంటారు, మనసులో పెట్టుకోకండి అని నాకు తెలిసిన మార్కెటింగ్ చెప్పాను.

“వెళ్ళేవాళ్ళు చెప్పి వెళ్తారురా, ఇంజినీరూ.”

తొక్కడం మాత్రం మానేశారు. పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని హార్మోనియం ముందు కూర్చునేవారు. పాదాలు నేల మీదే ఉండేవి. గాలి లేకుండా వేళ్ళు మాత్రం నడిచేవి. రాగం రాదు. చెక్క మీద చెక్క పడుతున్న టకటక గోడ ఇవతల మా ఇంట్లోకి వినబడేది. మూడు వారాలు విన్నాను. గుండె నిలబడుతోంది కదా అనుకున్నాను. అదీ నిలబడలేదు.

పెద్దకార్యం నాడు విస్తరి ముందు నన్ను కూర్చోబెట్టి మామ్మగారు, మస్కట్ అమ్మాయికి కబురు పెట్టావా బాబూ, తెలియక ఎదురుచూస్తుంది పాపం అన్నారు. పెడతానండి అన్నాను. పెరుగన్నం దాకా తల ఎత్తలేదు.

మహాశయులారా, మొదట్లో అడిగిన క్షమాపణలన్నీ వట్టి వేషం. గురక పెట్టినందుకు మాస్టారు ఎప్పుడో నవ్వేశారు. నేను చేసింది ఒక్కటే. ఆ మస్కట్ అమ్మాయి నేనే. కామెంటు పడాలి కాబట్టి పుట్టించాను. తొక్కకూడదు కాబట్టి మాయం చేశాను. రెండుసార్లూ ఆయన మేలు కోసమే అనుకున్నాను.

నిన్న సాయంత్రం ధైర్యం చేసి ఆ ఖాతా తెరిచాను. చూడని మెసేజి ఒకటి ఉంది. పోవడానికి ముందురోజు మాస్టారు ఒంటివేలితో కొట్టుకున్నది. ‘అమ్మా క్షేమమా. తిండి సరిగా పెడుతున్నారా. నాకు వొంట్లో బాగానే వుంది. మోహనలో ఒకటి అనుకుని వుంచాను. వన్స్ మోర్ అను చాలు.’

‘వన్స్ మోర్ మాస్టారూ’ అని కొట్టి పంపాను.

గోడ అవతల, హార్మోనియం మీద మాస్టారి ఫొటో పక్కన పెట్టిన ఫోను టింగుమంది. మామ్మగారి అడుగులు మెల్లగా దాని దాకా వెళ్ళి ఆగాయి. తర్వాత ఆవిడ గొంతు, ఫొటోతో:

“వచ్చిందండీ, మీ అమ్మాయి.”