బేస్‌మెంట్‌లో ఫ్రెంచి యుద్ధం

నేను ఎనిమిదో తరగతిలో బడి మానేసిన సాయంత్రం మా లెక్కల మాష్టారు ఇంటికి మిరపకాయ బజ్జీలు తెప్పించుకున్నారని ఊళ్ళో చెప్పుకునేవారు. ఆ చదువుతోనే ఇప్పుడు న్యూజెర్సీలోని పిస్కాటవేలో పటాలకు ఫ్రేములు కట్టే కొట్టు నడుపుతున్నాను. ఇక్కడి తెలుగువాళ్ళ డిగ్రీలన్నీ నా చేతుల మీదుగానే గోడలెక్కుతాయి. ఒక్కటీ నాది కాదు.

మొన్న వేసవిలో, రిటైరైన గుండె డాక్టర్ అంకుల్ ఒకాయన పాత ఫ్రెంచి బొమ్మ పట్టుకొచ్చారు. పంతొమ్మిదో శతాబ్దపు యుద్ధం. చెక్క మీద చెక్కి అచ్చేసి, కంతలు కోసిన అట్ట పెట్టి రంగులు పులిమేవారట. తిరునాళ్ళలో మూటలేసుకు తిరిగేవాళ్ళ దగ్గర రైతులు కొని గోడకు అంటించుకునేవారట. బొమ్మలో చక్రవర్తి తెల్లగుర్రం మీద, అప్పుడే ఇస్త్రీ చేసిన కోటులో ఉన్నాడు. చచ్చినవాళ్ళు ఆయనకు అడ్డం రాకుండా ఓ పక్కకు సర్దుకుని పడుకున్నారు. సిపాయిల ప్యాంట్లకేసిన ఎర్రరంగు గీత దాటి గడ్డి మీదికొచ్చేసింది.

రంగు కారింది, వాపసు ఇచ్చేయండి అన్నాను. అదే దాని అందమన్నారు. నాకైతే మన తెలుగు సంఘం ఉగాది ఫ్లెక్సీ గుర్తొచ్చింది. అందులోనూ అంతే, అధ్యక్షుడు గుర్రమంత, వంటలు చేసినవాళ్ళు తపాలాబిళ్ళలంత. ఆ మాటే పైకన్నాను. ఆయన నవ్వలేదు. అధ్యక్షుడు ఆయనే.

ఫ్రేము కట్టాక చిక్కొచ్చింది. యుద్ధం బొమ్మ ఇంట్లో ఉంటే కలహాలొస్తాయని ఆంటీ హాల్లో పెట్టనివ్వలేదు. ఆ హాలు నిండా దేవుళ్ళూ, పిల్లల గ్రాడ్యుయేషన్ ఫోటోలూనూ. తను కట్టిన ఇంట్లో తనకంటూ ఒక్క మేకు ఉండాలని అంకుల్ పంతం. ఆంటీని ఒప్పించమని నన్ను డ్రిల్లుతో సహా తీసుకెళ్ళారు.

"ఇది మన కురుక్షేత్రం కాదాంటీ. ఫ్రెంచివాళ్ళ గొడవ న్యూజెర్సీ దాకా ఎలా వస్తుంది?"

"గొడవ రావడానికి వీసా కావాలా బాబూ?" అంటూ కాఫీ చేతిలో పెట్టారు.

చివరికి బేస్‌మెంట్‌కి రాజీ కుదిరింది. నేను అక్కడ మేకు దిగ్గొడుతుంటే అంకుల్ గుర్రం దిగిన చక్రవర్తిలా నిలబడి చూశారు.

సంఘం కమిటీ కూర్చునేదీ ఆ బేస్‌మెంట్‌లోనే. దీపావళి భోజనంలో బిర్యానీయా పులిహోరా అన్నది ఆ వచ్చిన శనివారం అజెండా. ఒకాయన బైలాస్ తీశాడు, ఇంకొకాయన మొదటాయన పాత ఈమెయిళ్ళ స్క్రీన్‌షాట్లు తీశాడు. స్వీటు దాకా రాకుండానే సంఘం రెండయింది, అంకుల్ పదవి ఊడింది. ఆంటీ మెట్ల మీద కూర్చుని అంతా విన్నారట.

తర్వాతి వారం డ్రిల్లు తెమ్మని ఫోన్ చేసింది ఆంటీయే. వెళ్ళేసరికి గ్రాడ్యుయేషన్ ఫోటోలు పక్కకు జరిపి, హాల్లో నడిగోడ మీద వేలు పెట్టి చూపించారు. బిగించాను. పదవి లేని అంకుల్ దాని కింద సోఫాలో, రాజ్యం గెలిచినవాడిలా కాలు మీద కాలేసుకున్నారు.

నేనూరుకోగలనా? "ఏంటాంటీ, యుద్ధాన్ని హాల్లోకి రానిచ్చారు?"

"కింద మీవాళ్ళ గొడవ విన్నాక ఇదే ప్రశాంతంగా ఉంది బాబూ. ఇందులో ఫిరంగులు కూడా నీకన్నా తక్కువ మాట్లాడతాయి."