చిటికెన వేలి కొక్కెం

2023 కార్తీకమాసం, పెళ్ళిళ్ళ సీజన్. సికింద్రాబాద్ రెజిమెంటల్ బజార్‌లో మాది బ్యాండు వాయిద్యాల రిపేరు షాపు. ఆ రోజుల్లో ఊపిరి పీల్చుకునే తీరిక ఉండదు. సొట్టలు పడ్డ ట్రంపెట్లు, గాలి కారే క్లారినెట్లు, అన్నీ ఇవాళే కావాలంటారు. అయినా ఎవరైనా "ఇది ఏ మోడలో చూడన్నా" అంటే చేతిలో పని పక్కన పడేస్తాను. అదో జబ్బు నాకు.

శ్రీశైలం మెట్టుగూడలో పెళ్ళి బ్యాండు నడుపుతాడు. ఆ రోజు చెల్లెలు మంజులతో కలిసి వచ్చి, చనిపోయిన తండ్రి ట్రంపెట్ నా బల్ల మీద పెట్టాడు.

"యాప్రాల్ల ఒక సారు పాత ట్రంపెట్లు జమ చేస్తడంట అన్నా. ఇది అసలు అమెరికా మాలైతే మంచి రేటిస్తనన్నడు. ఆ పైసలతోని లైట్ల బండి కొంట. లైట్లు లేని బ్యాండును ఎవలు పిలుస్తలేరు."

మంజుల చిన్నప్పుడు తండ్రి దగ్గర నేర్చుకుందని, ఇప్పటికీ ఆదివారాలు ఇంట్లో దీన్నే వాయిస్తుందని నాకు తెలుసు. నకిలీదైతే బాగుండునని ఆ అమ్మాయి మొహమే చెబుతోంది.

ట్రంపెట్ ముందువైపు విచ్చుకున్న భాగాన్ని బెల్ అంటారు. కంపెనీ పేరు దాని మీదే చెక్కి ఉంటుంది. వీళ్ళు ఏటా దసరా పూజకి చింతపండుతో తోమీ తోమీ ఆ పేరును అరగ్గొట్టేశారు. నోటి ఆవిరి పట్టి, టార్చి పక్కనుంచి వేస్తే కొన్ని అక్షరాలు కనికరించాయి. వేళ్ళతో నొక్కే మూడు వాల్వుల్లో మధ్యదాని మీద సీరియల్ నంబర్ దొరికింది. దాన్నిబట్టి ఎప్పటిదో తెలుస్తుంది గానీ మోడల్ తేలదు. అందుకు బోర్, అంటే గొట్టం లోపలి వెడల్పు, కొలవాలి. కాలిపర్ అనే కొలత పనిముట్టు పెట్టి కొలిచాను. మన దగ్గర తయారయ్యే నకళ్ళకు ఆ కొలత రాదు.

"అసలుదే తమ్మీ!" అన్నాను.

శ్రీశైలం మొహం వెలిగింది. మంజుల తల దించుకుంది. నిజమే చెప్పినా నాకెందుకో కష్టంగా అనిపించింది.

తిప్పి చూస్తుంటే అప్పుడు కనిపించింది. ఫింగర్ హుక్, అంటే కుడిచేతి చిటికెన వేలు పెట్టుకునే కొక్కెం, ఉండాల్సిన చోట లేదు. మూడో వాల్వు దగ్గరికి జరిపి అతికించారు. పాత చోట టంకం మచ్చ మిగిలింది.

"గిట్ల మార్చిన దానికి రేటు సగం పడిపోతది. ఎవరు చేసిన్రు?" అని అడిగాను.

శ్రీశైలం పరేషానయ్యాడు. "నాయిన దీన్ని ఎవల్నీ ముట్టనియ్యకపోతుండె అన్నా. నేనడిగితే సుత ఇయ్యలే."

"నాయిననే చేయించిండు," అంది మంజుల మెల్లగా. "ఆరో తరగతిల నాకు వేలు అందకపోతుండె. నువ్వు అలుగుతవని నీకు చెప్పొద్దన్నడు."

"ఇంత కిమ్మతు సామాను మీద టంకం పెట్టించిండా?" అంటూ అతను తన చిటికెన వేలు ఆ కొక్కెంలో పెట్టి చూశాడు. అలిగాడనే అనుకున్నాను. అంతలో అడిగాడు, "దీన్ని మళ్ళ పాత జాగల పెట్టొస్తదా అన్నా?"

"పెట్టొస్తది. కాని మచ్చ పోదు. యాప్రాల్ సారుకు నేను అబద్ధం చెప్ప."

"సారుకు కాదన్నా. చెల్లె పెద్దగైంది గద. ఇంకా గా చిన్న జాగలనే వేలు ఇరికించుకొని వాయిస్తున్నది."

మంజుల కళ్ళు నిండాయి. "మరి లైట్ల బండి?"

"కిరాయికి తెస్తా తియ్."

వేరే పనులన్నీ ఆపి కొక్కెం జరిపాను. విలువ కట్టడమంటే కొలతలు, నంబర్లే అనుకునేవాణ్ణి. ఇప్పుడు ఎవరు పాత వాయిద్యం తెచ్చినా, కాలిపర్ తీయకముందే ఒక మాట అడుగుతున్నాను, ఇంట్లో దీన్ని వాయించేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని. ఉన్నారంటే, ధర చెప్పడానికి తొందరపడను.