పలకకపోతే పోయినట్టే

మా కంపెనీకి రెండు బిల్డింగులు. మేముండేది హైటెక్ సిటీలో, అద్దాల మేడలో. రెండోది లింగంపల్లి వైపు పాత కట్టడం. అక్కడి రౌటరు వయసు కూడా దాదాపు అంతే. రెండింటి మధ్యా రెండు లైన్లున్నాయి. ఒకటి రోడ్లు తవ్వేవాళ్ల దయ మీద నడుస్తుంది. అది తెగితే ఆదుకోవడానికి రెండోది.

రౌటర్లు మర్యాదస్తులు. పది సెకన్లకోసారి 'ఉన్నాను' అని ఒకదానికొకటి చెప్పుకుంటాయి. టైమరులో పెట్టిన నలభై సెకన్లూ ఏ పలుకూ వినిపించకపోతే పొరుగువాడు పోయాడని తేల్చుకుని రెండో దారి పడతాయి. ఇదంతా నేను ఏ కోచింగు సెంటర్లోనూ నేర్చుకోలేదు. గ్రంథాలయం నుంచి అట్ట ఊడిన లావుపాటి పుస్తకం తెచ్చుకుని, లోకల్ రైల్లో నిలబడి చదివాను. ఆ సంగతి గొప్పగానే చెప్పుకుంటాను.

ఆ నలభై సెకన్ల మౌనం మా క్లయింటుకు నచ్చలేదు. మా మేనేజరు గారు కాకినాడ వైపు మనిషి, కోపంలోనూ 'అండీ' వదలరు. ఒక్క సెకన్లో తెలిసిపోవాలండీ అన్నారు.

మా టీములో ఆ రెండు రౌటర్లనూ మొదట్నుంచీ చూసుకుంటున్నది ఒక అక్క. బోరబండలో పుట్టి పెరిగిన మనిషి, కాంట్రాక్టు ఉద్యోగి. మధ్యాహ్నం డేటా అంతా కాపీ చేసే బ్యాకప్ నడిచేటప్పుడు పాత రౌటరుకు ఊపిరాడదనీ, జవాబు ఆలస్యమవుతుందనీ ఆమె మేనేజరు గారితో చెప్పింది. ఆత్రపు టైమరు బతికున్నవాణ్ని చంపుతుందని నేను పుస్తకంలోని అధ్యాయం అప్పజెప్పాను. అక్క నా చెవి దగ్గరకొచ్చి, "బుక్కుల ఉన్నదని చెప్పకు తమ్మీ, సార్ పరేషాన్ అయితడు" అంది. సార్ చదివేది స్లైడ్లు మాత్రమే.

సార్ మాట ప్రకారం టైమరు ఒక సెకనుకు కుదించాం. ఆ రోజు భోజనాల వేళకే పొరుగు పోయింది, వచ్చింది, మళ్లీ పోయింది. పోయినప్పుడల్లా కాల్స్ తెగాయి. అంతకుముందు రోడ్డు తవ్వితేనే తెగే లైను, ఇప్పుడు బ్యాకప్‌కు కూడా తెగడం నేర్చుకుంది. సార్ మాత్రం మీటింగులో గ్రాఫు చూపించి, ఎంత త్వరగా పట్టుకుంటున్నామో చూడండని మురిసిపోయారు. పట్టుకున్నవాళ్లలో బతికున్నవాళ్లెందరో ఆ గ్రాఫులో లేదు.

ఆ విజయంతో ఆయన అదే పద్ధతిని మనుషులకు కూడా పెట్టారు. టీము గ్రూపులో ఎప్పుడంటే అప్పుడు 'ఉన్నారా అండీ?' అని పెట్టేవారు. ఐదు నిమిషాల్లో పలకకపోతే ఆ పని ఇంకొకరికి వెళ్లిపోతుంది. కాంట్రాక్టు వాళ్లయితే పేరే ప్రాజెక్టులోంచి పోతుంది. జనం బాత్రూముల్లోంచి, లిఫ్టుల్లోంచి, హెల్మెట్ లోపలి నుంచి కూడా 'ఉన్నాం సార్' అని పలికేవారు. పని చేస్తున్నవాళ్లే కాస్త ఆలస్యంగా పలికేవారు.

క్లయింటు మళ్లీ గొడవ చేశాక, ఏదో ఒకటి చూడండన్నారు సార్. టైమరు రెండు వైపులా ఒకేలా ఉండాలి, లేకపోతే రౌటర్లు ఒకదాన్నొకటి పొరుగుగా ఒప్పుకోవు. అందుకని అక్క లింగంపల్లి వెళ్లింది. అక్కడి సర్వరు గది సెల్లారులో ఉంది. సెల్ సిగ్నల్ రాదు, ఇంటర్నెట్ మా లైనుదే. ఒక ల్యాండ్‌లైను మాత్రం ఉంది. అందులో మాట్లాడుకుంటూ, అటు ఆమె, ఇటు నేను, బ్యాకప్ ఆలస్యాన్ని ఓర్చుకునేంతగా టైమరు సడలిస్తున్నాం. రెండు వైపులా టైమరు కలిసేదాకా రెండు లైన్లూ కాసేపు పడుకున్నాయి. సరిగ్గా అప్పుడే గ్రూపులో 'ఉన్నారా అండీ?' వచ్చింది.

నేను రిసీవరు పట్టుకునే లేచి నిలబడి, అక్క ఇదిగో ఫోన్‌లోనే ఉందని సార్‌తో చెప్పాను. కావాలంటే మాట్లాడండని రిసీవరు చాపాను.

ఆయన తీసుకోలేదు. "ఆవిడ గ్రూపులో పలకాలి కదండీ. ఆవిడ తరఫున మీరు పలికితే ఇంక పద్ధతి దేనికండీ?"

ఐదు నిమిషాలు అయ్యాయి. అక్క పేరు ప్రాజెక్టులోంచి తీసేస్తున్నట్టు మెయిల్ వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నం బ్యాకప్ నడిచినా లైను తెగలేదు. అక్క తిరిగొచ్చి ఆయన ముందు నిలబడింది. "సార్, గింతసేపు మీ లైనే బాగు చేసిన. బతికే ఉన్న. జర ఆ మెయిల్ వాపస్ తీసుకోండ్రి."

వెనక్కి రావాలంటే కొత్తగా రిక్వెస్టు పెట్టాలనీ, పైవాళ్లు ఒప్పుకోవాలనీ, ఆ సీటు అప్పటికే ఇంకొకరికి ఇచ్చేశారనీ ఆయన ఎంతో బాధగా వివరించారు. నేనుండబట్టలేక, పోయిందనుకున్న పొరుగు మళ్లీ పలికితే రౌటరైనా వెంటనే కలుపుకుంటుంది కదా సార్ అన్నాను.

"అది మెషినండీ," అన్నారాయన, నా అమాయకత్వానికి నవ్వి.

అక్క డబ్బా, చార్జరు సంచిలో పెట్టుకుంటుండగా మా అందరి ఫోన్లూ ఒకేసారి మోగాయి. 'ఉన్నారా అండీ?' అందరం పలికాం. ఆమె ఫోను మోగలేదు. గ్రూపులోంచి అప్పటికే తీసేశారు. నా భుజం మీదుగా నా ఫోనులోకి తొంగి చూసి, "నువ్వున్నవని కొట్టినవా తమ్మీ?" అనడిగింది. కొట్టానన్నాను. సరేనని లిఫ్టు వైపు నడిచింది.