పక్కమనిషి మీదికి నెట్టిన తప్పు

పోయిన నెల ఐర్లండ్‌లోని మెయ్‌నూత్‌లో, మా అమ్మాయి కావ్య అభిమానించే జానపద గాయని కొత్త ఆల్బమ్ కచేరీకి ఇద్దరం వెళ్లాం. చనిపోయిన తల్లి మీద రాసుకున్న పాటను ఆమె మైకు లేకుండా పాడుతోంది. ఏం చూసినా మనవాళ్లకు వీడియో కాల్‌లో చూపించడం నా అలవాటు. కరీంనగర్‌లోని బామ్మర్దికి కలిపాను.

"ఏంది బావా, గామె పాడుతుందా, ఏడుస్తుందా?" వాడి గొంతు హాలంతా మోగింది. పాట ఆగిపోయింది.

అందరూ మావైపు తిరిగారు. నేను ఫోను తొడ కింద దాచేసి, పక్కన కూర్చున్న మరో భారతీయుడి వైపు కోపంగా చూశాను. పాపం, ఆయన తలదించుకున్నాడు.

కావ్య లేచి నిలబడింది. "సారీ, ఇట్ వాజ్ మై డాడ్."

పాట చెడగొట్టినందుకు సిగ్గుపడ్డాను. ఆయన వైపు నేను చూసిన ఆ చూపు గుర్తొస్తే మాత్రం ఇప్పటికీ నా మీద నాకే రోత పుడుతుంది.