ఎదురు కేసు

మదనపల్లె నుంచి పుంగనూరు పోయే రోడ్డు మీద ఆ సాయంత్రం మునిశేఖర్ కారుకు గొర్రెల మంద అడ్డం వచ్చింది. హారన్ మోతకు ఒక పొట్టేలు బెదిరి కారు పక్క అద్దాన్ని గుద్ది పగలగొట్టింది. అప్పుడే మేనేజరు చేత మాటలు పడి వస్తున్నాడు మునిశేఖర్. దిగీ దిగగానే కాపరి ఓబులప్ప చేతిలోని కర్ర లాక్కుని బాదాడు. ముసలాయన అడ్డం పెట్టిన ముంజేయి విరిగింది.

పోలీసులు కేసు కట్టారు. కురబలకోటలో వాళ్ల ఇంట నెలజీతం ఎత్తిన మొదటివాడు మునిశేఖరే. ఉద్యోగం పోతుందని భయపడి వకీలు దగ్గరికి పోయాడు.

"ముసలాయన తాగి, రాయెత్తుకోని నీ మీదికి వచ్చినాడని ఎదురు కేసు పెడదాం. వాళ్లే రాజీకి వస్తారు" అన్నాడు వకీలు వెంకటముని.

రాసింది చదివి మరీ సంతకం పెట్టాడు మునిశేఖర్.

విచారణకు ఎస్సై అందరినీ స్టేషనుకు పిలిపించాడు. ఓబులప్ప కట్టు కట్టిన చేతిని మెడకు వేలాడేసుకుని, చెప్పులు బయటే విడిచి వచ్చాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు. కూలికి పోయే రోజుల్లో మునిశేఖర్ నాయన కూడా పెద్దవాళ్ల ముందు అట్లాగే నిలబడేవాడు.

"ఆపొద్దు తాగినావా?" అన్నాడు ఎస్సై.

ఓబులప్ప పెళ్లాం చిన్నక్క ముందుకొచ్చింది.

"మా ఇంటాయన అట్లాంటిది ముట్టడు సామీ. ఇప్పుడు గొర్రెల్ని నేను తోలుకోని పోతాండా. స్టేషన్ల సుట్టూ తిరిగేదానికి మాకు యాడ కుదురుతాది? ఆయప్ప అద్దం మేమే ఏయిస్తాం, ఇడిసిపెట్టండి."

మునిశేఖర్ లేచి నిలబడ్డాడు.

"నేను రాయించింది అబద్ధం సార్" అన్నాడు. "ఆయన తాగలేదు. రాయెత్తలేదు. నేనే కొట్టినాను."

"ఏం మాట్లాడతాండావప్పా?" వకీలు మోచేత్తో పొడిచాడు.

"నేను పెట్టిన కేసు వెనక్కి తీసుకుంటా."

కోర్టులోనూ తప్పు ఒప్పుకున్నాడు. జరిమానా వేసి, ఓబులప్పకు నష్టపరిహారం ఇమ్మన్నారు. కంపెనీవాళ్లు కొన్నాళ్లు ఇంట్లో కూర్చోబెట్టి, ఆ తర్వాత గోడౌను పనికి మార్చారు.

తీర్పు రోజు కోర్టు మెట్ల దగ్గర ఓబులప్పకు ఎదురుపోయాడు మునిశేఖర్.

"తప్పయిపోయింది పెద్దాయనా."

"కొట్టినావు. కోపమొచ్చింది, అది పోనీ" అన్నాడు ఓబులప్ప. ఆయన మునిశేఖర్‌తో మాట్లాడటం అదే మొదలు. "తాగినానని యాల రాయించినావప్పా? ఊర్లో పిలకాయలు కూడా నన్ను అదే అడుగుతాండారు."

చిన్నక్క మొగుడి భుజం మీది టవలు సర్ది, బస్సుకు పొద్దవుతోందని ఆయన్ని తీసుకుపోయింది.