ఒకే గాటన
నందికొట్కూరు బండలాగుడు పోటీలో మూడేళ్లు ఓడి, నాలుగో ఏట మొదటి బహుమతి కొట్టాడు మద్దిలేటి. ఎవరు పలకరించినా మీసం దువ్వి ముందు ఆ గెలుపే చెబుతాడు. తన కాలేయం చెడి, భార్య నరసమ్మ కాలేయంలోంచి ముక్క తీసి తనకు పెట్టించుకున్నాక, ఒళ్లు దాన్ని తిప్పికొట్టకుండా రోజూ మాత్రలు మింగుతున్నాడు. వాటితో రోగాలను తట్టుకునే శక్తీ తగ్గుతుంది గనుక పశువుల కొట్టం తొక్కకూడదు. మొన్న మూతికి గుడ్డ కట్టుకుని దూరంగా నిలబడితే, పెంచిన ఎద్దే గుర్తుపట్టక బుస్సుమంది. "ఎద్దులను లొంగదీసినోణ్ణి, నా ఒళ్లే నాకు లొంగకుండా ఉండాదే!" అని నవ్వాడు. నరసమ్మ కణాలతో అతని కణాలను మచ్చిక చేసి తిరిగి అతనికే ఎక్కిస్తే మాత్రలు తగ్గవచ్చునని హైదరాబాదు డాక్టర్లు ప్రయోగానికి పిలిచారు. "కొత్తెద్దును పాతెద్దుతో ఒకే గాటన కట్టి అలవాటు చేసినట్టేనప్పా!" అని ఊరంతా చెప్పాడు. "నలభై ఏండ్లు నాతో ఒకే గాటన ఉండి యాడ అలవాటయితివి?" అంది నరసమ్మ. ఏరువాక పున్నమికి ఎద్దు కొమ్ములకు రంగు తానే పూస్తానని చెప్పి బస్సెక్కాడు. డాక్టర్లు చెప్పిన లెక్కన తిరిగొచ్చేది ఆ పున్నమినాడే, 2008 జూన్ పద్దెనిమిదిన.