నర్సమ్మత్త కోసిచ్చిన కీరకాయ

తాండూరు హోటళ్లలో భోజనానికి ముందే ఉల్లిపాయ, నిమ్మచెక్క, కోసిన కీరకాయ ముక్కలు ఉన్న ప్లేటు తెచ్చి పెడతారు. మొన్న అలా పెట్టినప్పుడు ఆ పచ్చి వాసనకు ఆకలి కంటే ముందు మా నర్సమ్మత్త గుర్తొచ్చింది.

వికారాబాద్‌లో మా ఇంట్లో వేసవి అంటే మామిడికాయ తొక్కు ఘాటు, నీళ్లు చల్లిన వాకిలి వాసన, మధ్యాహ్నం నీడపట్టున మేమాడే అచ్చనగిల్లల చప్పుడు, వీటన్నిటి మధ్య కీరకాయలు కడిగే పెద్ద తతంగం. అమ్మ చెంబుతో నీళ్లు పోస్తుంటే నేనూ తమ్ముడూ కాయలను కొబ్బరి పీచుతో తోమాలి. కోశాక కడిగి ఏం లాభం, పైనున్న మట్టిని కత్తే లోపలికి తీసుకుపోతుందని ఆమె వాదన. ఆ తర్వాత కత్తీ పీటా కడిగి, కాయ కొస కోసి, ఉప్పద్ది, ఆ కొసతోనే చేదు పోయేలా తెల్లటి నురగ వచ్చేదాకా రుద్ది, అప్పుడు చెక్కు తీసేది. కోసినవి వెంటనే తినాలి, మిగిలితే బర్రెకే. ఒక ఏడాది జాతరలో కోసిన ముక్కలు తిని తమ్ముడు వాంతులు, విరేచనాలతో వారం రోజులు దవాఖానలో పడుకున్నప్పటి నుంచి అమ్మకు ఈ చాదస్తం పట్టుకుంది.

నర్సమ్మత్త నాన్నకు అక్క. తాండూరు బస్టాండులో గంప పెట్టుకుని కీరకాయ ముక్కలు అమ్మేది. నాపరాతి బండల లారీలు లేపే దుమ్ము ముక్కల మీద వాలేది. అవి వాడిపోకుండా బకెట్లోంచి నీళ్లు తీసి చిలకరించేది, చేతులూ ఆ బకెట్లోనే కడిగేది. కొస రుద్ది నురగ తీశాక కాయలో ఇక ఏ చెడూ మిగలదని ఆమె నమ్మకం.

ఒక వేసవి తాండూరులో మేం బస్సు దిగగానే ఉప్పూ కారం చల్లిన ముక్కలు నా ముందుకు చాపింది. నాకు నోరూరింది. అమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"కోసినయి వద్దొదినా. నిండు కాయలియ్యి, ఇంటికాడ కోసుకుంటం."

"నా చేతులు గంత పాడైనయా?" అంది అత్త.

తను అన్నది చేతులను కాదు, బకెట్ నీళ్లనని అమ్మ చెప్పబోయింది. అత్త వినలేదు. ఆ ఏడంతా మా గడప తొక్కలేదు. బోనాలకు రాలేదు, దసరాకు జమ్మి పెట్టడానికీ రాలేదు. చలికాలంలో ఆమె తెచ్చే పచ్చి కందికాయలు ఉప్పేసి ఉడకబెట్టుకునేవాళ్లం, ఆ ఏడు అవీ లేవు. నాన్న అమ్మతో ముభావంగా ఉండేవాడు. ఒక్క ముక్క తిననిస్తే ఏం పోయేదని నేనూ అమ్మ మీద కోపం పెట్టుకున్నాను.

మరుసటి వేసవి నాన్న పట్టుబట్టి మమ్మల్ని అత్త దగ్గరికి తీసుకెళ్లాడు. గంపలో అన్నీ నిండు కాయలే. పక్కన మూత, నల్లా ఉన్న స్టీలు నీళ్ల డబ్బా, ఉతికిన గుడ్డలో చుట్టిన కత్తి. అత్త చేతులు కడుక్కుంది, నల్లా కింద కాయ కడిగింది, నురగ తీసింది, చెక్కు తీసి ముక్క కోసింది. దాన్ని నాకు కాదు, అమ్మ చేతిలో పెట్టింది.

"నీ కోసం అనుకోకు. గిరాకోళ్లు అడుగుతున్నరు."

ఏ గిరాకీ అడగలేదు. అప్పటికప్పుడు కోసిచ్చేలోపు బస్సులు కదిలిపోతున్నాయని, సాయంత్రానికి ఆమె గంప సగం కూడా ఖాళీ కావడం లేదని పక్కన జామకాయలు అమ్మే ఆమె తర్వాత మాకు చెప్పింది. మా తిరుగు బస్సు హారన్ కొడుతున్నా అమ్మ అక్కడే నిలబడి ఆ ముక్కను మెల్లగా తిన్నది.

అత్త పోయి చాలా ఏళ్లయింది. బస్టాండులో ఇప్పుడు ముక్కలు ప్లాస్టిక్ గ్లాసుల్లో అమ్ముతున్నారు, నురగ తీయడమంటే ఏమిటో మా బిడ్డకు తెలియదు. మొన్న హోటల్లో తను ప్లేటు వైపు చేయి చాచింది. ఎప్పుడు కోశారని సర్వర్‌ను అడిగితే పొద్దున అన్నాడు. బిడ్డ మణికట్టు పట్టుకుని, ఇవి మాకు వద్దన్నాను. ఏమంటాడోనని అతని మొహంలోకి చూశాను. అతనేమీ నొచ్చుకోలేదు. ప్లేటు తీసి పక్క టేబుల్ వాళ్ల ముందు పెట్టి వెళ్లిపోయాడు.